సంఖ్య కాని శివారు

తగూలు లేని పంట కాలవ ఎక్కడైనా ఉందంటే అందులో నీళ్ళు లేవనుకోవాలి. ములకదిబ్బ కాలవలో నీళ్ళూ పారేవి, తగూలూ పారేవి. రెండూ ఎగువ నుంచే వచ్చేవి. కాలవ పొడుగునా ఊరూరికీ ఒక తూము, తూముకొక షట్టరు. షట్టరు ఎత్తితే నీళ్ళు ఆ ఊరి చేలల్లోకి మళ్ళుతాయి, దించితే కిందికి పోతాయి. ఆ వరసలో చిట్టచివరిది ములకదిబ్బ శివారు. దానికి పైనున్నది పెదగొల్లపాడు.

ములకదిబ్బ నీటి సంఘానికి పెచ్చెట్టి సూరన్న పెద్ద. పెదగొల్లపాడు సంఘానికి కొప్పిశెట్టి భద్రం పెద్ద. భద్రం చెల్లెలు మంగాయమ్మే సూరన్న భార్య. కాబట్టి ప్రతి దాళ్వాకీ, అంటే రెండో పంటకీ, ఈ బావలిద్దరూ పెదగొల్లపాడు తూము దగ్గర నిలబడి, బంధువులు మాత్రమే తిట్టుకోగల తిట్లు తిట్టుకునేవారు. గొంతులు అరిగాక చెప్పులు విడిచి ముందు ఒకరి చేలోకీ, తర్వాత ఇంకొకరి చేలోకీ దిగేవారు. ఎవరి చేలో మడమ దిగబడదో ఆ చేనుకి ముందు నీళ్ళు. అక్కడితో ఆ వంతుకి తగూ తీరిపోయేది. వచ్చే వంతుకి కొత్త తగూ.

ఈ పద్ధతిలో ఒక పెద్ద లోపం ఉందని రాజధానిలో ఎవరో కనిపెట్టారు. మడమలు అందరికీ ఒకేలాగ ఉండవట. అలా కనిపెట్టిన కొన్నాళ్ళకి నీటిపారుదల సబ్ డివిజన్ ఆఫీసుకి ఉత్తర్వు వచ్చింది. డి.ఈ. చెరుకుమిల్లి విశ్వపతి గారు దాన్ని సంఘాల పెద్దలందరినీ పిలిపించి, లేచి నిలబడి చదివారు.

"నీటి పంపిణీ వ్యవహారములలో తారతమ్య నిర్ణయము వ్యక్తుల విచక్షణకు లోబడి యుండుటచే వివాదములు తలెత్తుచున్నవి. కావున ఇకమీదట సదరు తారతమ్యమును యంత్రము మాత్రమే నిర్ణయించవలెను. ఏ ఉద్యోగియు, ఏ రైతును, ఒకదానికంటె మరొకటి ఎక్కువ అనిగాని తక్కువ అనిగాని నోటిమాటగా గాని, సైగగా గాని తెలుపరాదు."

విశ్వపతి గారు చెడ్డవాడు కాదు. వచ్చిన ఉత్తర్వుని వచ్చినట్టు అమలు చేసేవాడు, అంతే. ఆ రోజు నుంచి ఆఫీసులో ఎక్కువ తక్కువ అన్న మాటలు ఆగిపోయాయి. ఎండ నిన్నటికంటే ఎలా ఉందో ఎవరూ అనలేదు. అటెండరు రంగనాయకులు రెండు టీ గ్లాసులు పట్టుకొచ్చి, ఏది చక్కెర తక్కువదని డి.ఈ. గారు అడిగేసరికి, సమాధానం చెప్పకుండా రెండూ చల్లారేదాకా నిలబడ్డాడు. డి.ఈ. గారు ఆ విధేయతని అందరి ముందూ మెచ్చుకున్నారు. అడిగినందుకు తనని తను మందలించుకున్నారు కూడా.

ఆ ఏడు దాళ్వాలో కాలవకి నీళ్ళు పలచగా వచ్చాయి. ములకదిబ్బ చేను పొట్ట మీదుంది. అంటే కంకి ఇంకా ఆకు మడతలోనే ఉంది, ఇంకో పది రోజుల్లో బయటికి రావాలి. ఆ టైములో ఒక తడి అందితే గింజ పాలు పోసుకుంటుంది. అందకపోతే కంకి తెల్లగా బయటికొచ్చి తాలైపోతుంది. మనిషి నడిస్తే చేలో మట్టి పెళ్ళలు చప్పుడు చేస్తున్నాయి. సూరన్న సైకిలేసుకుని ఆఫీసుకి వెళ్ళాడు.

యంత్రం ఒక బల్ల మీదుంది. దాని వెనక ప్రణీత్ అనే కుర్ర ఇంజినీరు ఉన్నాడు. యంత్రాన్ని అమర్చడానికి పట్నం నుంచి వచ్చాడు. మర్యాదస్తుడు. సూరన్నని కూచోబెట్టి అంతా వివరంగా చెప్పాడు. ఈ యంత్రం దొంతర పద్ధతి మీద పనిచేస్తుందట. ఒక ఊరి లెక్క దొంతరలో పెడతారు, దాని మీద ఇంకో ఊరి లెక్క పెడతారు. యంత్రం పైనున్న రెండూ తీసి, ఒక ప్రశ్న అడుగుతుంది. దానికి తెలిసిన ప్రశ్నలు మూడే. రెండూ సమానమా? కిందది ఎక్కువా? కిందది తక్కువా? అవునంటే ఒకటి, కాదంటే సున్నా. ఆ ఒకటో సున్నాయో దొంతర మీద పెడుతుంది.

దొంతరంటే సూరన్నకి తెలుసు. వాళ్ళమ్మ వంటింటి మూల కుండల మీద కుండలు పెట్టేది. అడుగు కుండలో చింతపండు కావాలంటే పై కుండలు దింపాల్సి వచ్చేది. ఆ మాటే అన్నాడు.

"కరెక్టండీ. అదే," అన్నాడు ప్రణీత్ సంతోషంగా.

"దింపిన కుండలు మా యమ్మ పక్కన పెట్టేదండి."

"ఇక్కడ పక్కన పెట్టమండీ. పోల్చాక ఆ రెండూ పోతాయి. జవాబొక్కటే ఉంటుంది."

"పోతాయంటే?"

"పోతాయంతే. ఉంచితే దొంతర పెరిగిపోతుంది కదండీ."

ఇంతకీ ఈ యంత్రం ఏ భాషలో మాట్లాడుతుందని సూరన్న అడిగాడు. అది మనుషుల భాషా కాదు, అడుగున ఉండే అసలు యంత్రం భాషా కాదు, రెంటికీ నడుమ భాష అని ప్రణీత్ చెప్పాడు. ఈ డొంకతిరుగుడు ఎందుకంటే ఏ యంత్రం మీదికైనా పనికొస్తుందట. విశ్వపతి గారు తమ గదిలోంచి వచ్చి, ఉభయులకూ అర్థం కానందువల్ల పక్షపాతానికి ఆస్కారం లేదని మాట కలిపారు.

తర్వాత పని మొదలైంది. పెదగొల్లపాడు తూము దగ్గర గేజిరాయి ఉంది. దాని మీద నీళ్ళు ఎంత కిందికి దిగాయో తూములు చూసుకునే లస్కరు తాతాజీ చూసి పంపాడు. అది ఒక సంఖ్య. ములకదిబ్బ గేజిరాయి మాత్రం కొన్నేళ్ళ కిందట ట్రాక్టరు తగిలి కాలవలో పడింది. నీళ్ళే రాని చోట కొలబద్దెందుకని మళ్ళీ ఎవరూ పాతలేదు. లెక్క గడిలో ఏదో ఒకటి వెయ్యాలి కాబట్టి తాతాజీ "రాయి లేదు" అని పంపాడు. యంత్రం దాన్ని చూసి తన పద్ధతిలో మార్చుకుంది. తెర మీద "సంఖ్య కాదు" అని వచ్చింది.

"పర్లేదండీ," అన్నాడు ప్రణీత్. "సంఖ్య కానిదానికి కూడా దీంట్లో చోటుంది."

ములకదిబ్బ అవసరం పెదగొల్లపాడు అవసరం కంటే ఎక్కువా అని అడిగారు. సున్నా వచ్చింది. సూరన్న మొహం చూసి, పోనీ తక్కువా అని అడగమన్నారు విశ్వపతి గారు. రెండు లెక్కలూ అప్పటికే పోయాయి కాబట్టి ప్రణీత్ మళ్ళీ మొదటి నుంచీ కొట్టాడు. సున్నా. డి.ఈ. గారి మొహం వెలిగింది. ఎక్కువా కాదు, తక్కువా కాదు అంటే సమానమన్న మాట, చెరి సగం ఇచ్చేద్దాం, అడగవయ్యా అన్నారు. ప్రణీత్ అడిగాడు.

సున్నా.

విశ్వపతి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"సూరన్న గారూ, మీ శివారు దేనికీ ఎక్కువ కాదు, దేనికీ తక్కువ కాదు, దేనికీ సమానం కాదు. ఇది నేనంటున్నది కాదు. నిర్ణయం."

"పోనీ ఎగువోళ్ళతో వద్దండి. మా శివారుని మా శివారుతోనే చూడండి. సమానమో కాదో."

అది న్యాయమైన కోరికే అనిపించింది డి.ఈ. గారికి. ప్రణీత్ ములకదిబ్బ పెట్టి దాని మీద ములకదిబ్బ పెట్టాడు. సమానమా అని అడిగాడు. యంత్రం సున్నా చూపించింది. తప్పు కాదండీ, సంఖ్య కానిది తనకి తను కూడా సమానం కాదు, ప్రపంచమంతా ఇంతే అని చెప్పి, ప్రణీత్ కొంచెం సిగ్గుపడ్డాడు. యంత్రం ఒక నిర్ణయం చేశాక దాన్ని సంబంధిత శాఖలన్నిటికీ తెలియజేయాలని ఉత్తర్వులో ఉంది. అందువల్ల ములకదిబ్బ శివారు ములకదిబ్బ శివారు కాదని ఆ సాయంత్రమే అందరికీ తెలిసిపోయింది.

ఇంటికొచ్చి సూరన్న సంగతి చెప్తే మంగాయమ్మ చేటలో బియ్యం ఏరుతూ విన్నది.

"అయితే ఇప్పుడు మనవి మనవి కాదా ఏంటి?"

"యంత్రం దగ్గర కాదంట."

"మా అన్నయ్యో?"

"వాడు సంఖ్యేనే."

మంగాయమ్మ మళ్ళీ చేటలోకి వంగింది. రాయి ఒకటి దొరికితే గుమ్మంలోకి విసిరింది.

మర్నాడు వ్యవసాయశాఖ నుంచి పంట పరిస్థితి చూడటానికి ఒకాయన వచ్చాడు. బండి గట్టు మీద ఆపి, ఇది ములకదిబ్బేనా అని అడిగాడు. ఆయ్, ములకదిబ్బేనండి అన్నారు జనం. కాదని నిర్ణయమైంది కదా అన్నాడాయన. మరి ములకదిబ్బెక్కడుందో తెలిస్తే కబురు చెయ్యమని చెప్పి, చేలోకి దిగకుండానే బండి తిప్పాడు. ఆయన వెళ్ళేటప్పుడు నాలుగు ఎండుటాకులు బండి చక్రానికి చుట్టుకుని కొంత దూరం పోయాయి.

ఇలాంటి సున్నాలు ఈ ఒక్క కాలవ మీదే కాదు, చాలా చోట్ల వస్తున్నాయని పై వాళ్ళకి తెలిసింది. సున్నా అన్న మాట రైతుల్లో నిరుత్సాహం కలిగిస్తోందని అక్కడ ఒక కమిటీ నాలుగు రోజుల్లోనే తేల్చింది. గేజిరాళ్ళు పాతించమని కమిటీ చెప్పి ఉండొచ్చు. కానీ రాళ్ళు ఇంకో విభాగం కింద వస్తాయి. అందుకని ప్రశ్న మార్చమంది. ఇకమీదట ఎక్కువా అని అడగకూడదు, తక్కువ కాదు కదా అని అడగాలి. ఆ మాటలో ఒక ఓదార్పు ఉందని కమిటీలో ఒక పెద్దావిడ అభిప్రాయపడిందట.

తక్కువ కాదు కదా అన్న ప్రశ్న యంత్రానికి రాదు. దానికి వచ్చినవి మూడే. ప్రణీత్ దానికొక ఉపాయం చెప్పాడు. ముందు తక్కువా అని అడుగుతాం. వచ్చిన జవాబు మీద ఒక సున్నా పెడతాం. ఇప్పుడు ఈ రెండూ సమానమా అని అడుగుతాం. తక్కువ కాకపోతే మొదటి జవాబు సున్నా. సున్నాకి సున్నా సమానం. కాబట్టి ఒకటి వస్తుంది.

విశ్వపతి గారు దీన్ని కళ్ళు మూసుకుని రెండుసార్లు తలలో తిప్పుకుని, భేష్ అన్నారు.

ములకదిబ్బ పెట్టి అడిగారు. పెదగొల్లపాడు కంటే తక్కువా? సున్నా. సున్నాకి సున్నా సమానమా? ఒకటి. ఆ పై ఊరు కంటే తక్కువ కాదు కదా? ఒకటి. ఇంకా పై ఊరు? ఒకటి. కాలవ మొగ దాకా అడుగుతూ పోయారు. సూరన్న శివారు అందరి మీదా గెలిచింది. ఇన్నాళ్ళూ ఎందుకూ కొరగానిది ఇప్పుడు ఎవరికీ తీసిపోనిది అయింది. డి.ఈ. గారు లేచి సూరన్నకి చెయ్యి కలిపారు. ములకదిబ్బకి పైనున్న షట్టర్లన్నీ దించమని లస్కర్లకి ఫోన్లు వెళ్ళాయి.

నీళ్ళు వచ్చాయి. ఎండిన కాలవలో ముందు నురగ, దాని వెనక చెత్తా, వెనక ఎర్రనీళ్ళు. ములకదిబ్బ జనం పారలు పట్టుకుని గట్టు మీద నిలబడ్డారు. కాలవ నుంచి చేలోకి పోయే బోదె మొగలో సూరన్న చెయ్యి పెట్టి చూసుకున్నాడు. మొదటి రెండు మళ్ళు తడిసి, మూడో మడిలోకి నీళ్ళు నాలిక చాచేసరికి వెనక పారుదల సన్నగిల్లింది. కాసేపటికి ఆగింది.

ఎందుకాగిందో భద్రాన్ని అడిగితే తెలిసేది. షట్టరు దించగానే భద్రం మోటారు సైకిలు మీద ఆఫీసుకి వెళ్ళి, ప్రణీత్‌ని టీకి తీసుకెళ్ళి, సంగతంతా కనుక్కున్నాడు. అక్కణ్ణించి తిన్నగా బావ దగ్గరికొచ్చాడు.

"ఏం మంత్రం వేశావు బావా?"

"మంత్రం లేదు, ఏం లేదు. మా రాయి పడిపోయింది."

"అంతేనా?"

"అంతే."

భద్రం గడ్డం రుద్దుకున్నాడు. ఆ సాయంత్రం పెదగొల్లపాడు గేజిరాయి పడిపోయింది. అంత పాత రాయిని పడెయ్యడం అపచారమేమోనని ముందు దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, తర్వాత గునపం వేశారు. "రాయి లేదు" అని పంపగానే వాళ్ళకీ ఒకటి వచ్చి, వాళ్ళ షట్టరు మళ్ళీ లేచింది. పై ఊళ్ళోవాళ్ళు పూజ దాకా వెళ్ళలేదు. ఒక ఊళ్ళో గేదె ఒరుసుకుని పడిందని రాశారు. ఇంకో ఊళ్ళో పిడుగు పడిందన్నారు. మబ్బు లేదు కదా అంటే, మరీ అనుకోకుండా పడిందండి అన్నారు. ఇంకో ఊళ్ళో రాయి దానంతటదే నీళ్ళలోకి దిగిపోయిందన్నారు. మూడు రోజులు తిరక్కుండా కాలవ పొడుగునా నిలబడ్డ గేజిరాయి ఒక్కటి లేదు. ప్రతి ఊరూ సంఖ్య కాకుండా పోయింది.

దాంతో ఎవర్ని పెట్టి అడిగినా, ఎవరి మీద పెట్టి అడిగినా ఒకటే వచ్చింది. ఏ ఊరూ ఏ ఊరికంటే తక్కువ కాదు. అందరికీ ఒకటి. ఒకటి వచ్చినవాళ్ళ షట్టరు ఎత్తాలి కాబట్టి షట్టర్లన్నీ ఎత్తేశారు. ఎగువ నుంచి ఎవరికి అందినన్ని వాళ్ళు తాగేశారు. పెదగొల్లపాడు చేలల్లో మోకాలి కింది దాకా నీళ్ళు నిలబడి, మిగిలినవి మురుగు కాలవలోకి పోయాయి. ములకదిబ్బ దగ్గర కాలవ అడుగున బురద ఆరి, పీతల బొక్కలు కనిపిస్తున్నాయి.

సూరన్న మళ్ళీ ఆఫీసుకెళ్ళాడు. విశ్వపతి గారు ఆనందంగా ఉన్నారు.

"ఏమండీ, మీకు ఒకటొచ్చిందిగా."

"ఒచ్చిందండి."

"వాళ్ళకీ ఒకటే వచ్చింది. మరి ఫిర్యాదేమిటి?"

"నీళ్ళు రాలేదండి."

డి.ఈ. గారు ఈ సమాధానాన్ని గౌరవంగానే విన్నారు. నీళ్ళ రాకపోకలు ఈ పద్ధతి పరిధిలోకి రావని చెప్పారు. పద్ధతి పోలిక వరకే. పోలికలో అన్యాయం జరిగిందంటే చెప్పండి, ఇప్పుడే సరిచేస్తాం అన్నారు. అన్యాయం జరిగినట్టు సూరన్న చూపించలేకపోయాడు. ఎందుకంటే తన ఒకటికీ భద్రం ఒకటికీ తేడా ఏమీ లేదు.

ఇంటికెళ్ళేదారిలో చేలో దిగాడు. తడిసిన రెండు మళ్ళలో కంకులు ఆకుపచ్చగా తొంగిచూస్తున్నాయి. మిగతా చేను కంకిని కడుపులోనే పట్టుకుని ఉంది. రెండు మూడు రోజులు ఓర్చుకోగలదు. అంతకుమించి ఓర్చుకోలేదు.

ఆ మాట భార్యకి చెప్పాడు. రేపు ఆఫీసులో సమీక్షా సమావేశమంట, డి.ఈ. గారి పై అధికారి ఎస్.ఈ. గారొస్తున్నారంట, సంఘాల పెద్దలంతా ఉండాలంట అని కూడా చెప్పాడు. తనూ వస్తానంది మంగాయమ్మ. నువ్వెందుకంటే, మా అన్నయ్యని చూసి చాన్నాళ్ళయిందంది.

సమావేశానికి షామియానా వేశారు. ఎస్.ఈ. గారు పొడుగ్గా, తెల్లగా, నిదానంగా ఉన్నారు. ప్రతి ఊరికీ ఒకటి వచ్చిందని విశ్వపతి గారు నివేదించారు. ఎస్.ఈ. గారు చాలా సంతోషించి, ఇన్ని ఒకట్లు పైకి పంపితే చదివేవాళ్ళకి శ్రమ, ఏదైనా ఒక్క మాటలో చెప్పగలరా అన్నారు. ప్రణీత్ ఒకట్లన్నిటినీ దొంతర పెట్టాడు. పైనున్న రెండు ఒకట్లు సమానమా? ఒకటి. అవి పోయి వచ్చిన ఒకటి, దాని కింది ఒకటి సమానమా? ఒకటి. అలా యంత్రం తింటూ తింటూ దొంతర అడుగుదాకా వెళ్ళింది. చివరికి తెర మీద ఒక్క ఒకటి మిగిలింది.

"ఈ సబ్ డివిజన్ సమస్తం ఒకటి," అన్నారు ఎస్.ఈ. గారు లేచి. "తారతమ్యాలు సమసిపోయిన ప్రాంతంగా దీనిని నేను ప్రకటించడానికి సంతోషిస్తున్నాను."

చప్పట్లు కొట్టారు. భద్రం కూడా కొట్టాడు. విశ్వపతి గారికి శాలువా కప్పారు.

అప్పుడు మంగాయమ్మ లేచి ముందుకొచ్చింది. ఆమె చేతిలో రెండు వరి దుబ్బులున్నాయి. దారిలో వాళ్ళన్నయ్య చేలో ఒకటి పీకింది, ఇంటి దగ్గర తమ చేలో ఒకటి పీకింది. ఎస్.ఈ. గారి ముందు నిలబడి, బొటనవేలి గోటితో రెంటి పొట్టా చీల్చి, కంకులు బయటికి తీసి, బల్లమీద పక్కపక్కన పెట్టింది. ఒకటి వేలెడు లావున పాలతో బరువుగా ఉంది. ఇంకోటి దారం పోగులాగ ఉంది, కొస తెల్లబడుతోంది.

"చూడండి బాబూ," అంది. "ఇంకేం చెప్పను."

అందరూ చూశారు. అంతమందీ ఒక్కసారి చూశారు కాబట్టి అందరికీ తెలిసిపోయింది. కానీ ఎవరూ ఏమీ అనలేదు. అనడానికి వీల్లేదు. విశ్వపతి గారి పెదాలు ఒకసారి కదిలాయి, ఎస్.ఈ. గారిని చూసి ఆగాయి.

"అమ్మా, మీరు వచ్చిన మార్గం సరైనదే," అన్నారు ఎస్.ఈ. గారు. "మీ వస్తువులు దొంతరలో పెడతారు. నిర్ణయం మీ కళ్ళముందే జరుగుతుంది."

ప్రణీత్ కంకులకేసి చూసి, ఇవి సంఖ్యలు కావండీ అని నసిగాడు. సంఖ్య కానివాటికి చోటుందన్నావుగా అని విశ్వపతి గారు గుర్తుచేశారు. చోటుంది. పెదగొల్లపాడు కంకి, సంఖ్య కాదు. దాని మీద ములకదిబ్బ కంకి, సంఖ్య కాదు. సమానమా అని అడిగాడు. సున్నా.

పోల్చినవి తీసెయ్యాలన్న నియమం రంగనాయకులికి కంఠస్థం. అతను వచ్చి రెండు కంకుల్నీ భక్తిగా తీసి చెత్తబుట్టలో వేశాడు. బల్ల తుడిచాడు.

"సమానం కాదు, సరే," అన్నాడు భద్రం వెనక వరసలోంచి. "ఏది ఎక్కువో అడగండి మరి."

"ఇప్పుడు కుదరదండీ," అన్నాడు ప్రణీత్. "అవి పోయాయి. ఇంకో రెండు కావాలి."

భద్రం లేచి నిలబడ్డాడు. పొట్ట మీదున్న చేనుకి తెల్లారుజామున లేచి గట్లు చూసుకునే మనిషి. కలుపుకి మనుషులు దొరక్కపోతే తనే నడుం వంచే మనిషి. చెత్తబుట్టలోకి చూశాడు. తన కంకి బరువుకి అడుగుకి పోయింది. చెల్లెలి కంకి కాగితాల మీద తేలుతోంది. భద్రం చెల్లెలి మొహంకేసి చూడలేదు. షామియానా గుంజ పక్కనుంచి బయటికెళ్ళిపోయాడు. సన్మానం ఇంకా ఉందండీ అని ఎవరో పిలిచారు.

సూరన్నా, మంగాయమ్మా సైకిలు నడిపించుకుంటూ పెదగొల్లపాడు తూము దగ్గరికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. తూము మీద భద్రం చొక్కా విప్పేసి, షట్టరు మర పట్టుకుని తిప్పుతున్నాడు. తుప్పు పట్టిన మర కీచుమంటోంది. లస్కరు తాతాజీ కింద నిలబడి, వద్దండి, మీకు ఒకటుందండి, ఎత్తే ఉంచాలండి అని బతిమాలుతున్నాడు.

"ఏంటి బావా ఇది?" అన్నాడు సూరన్న.

"ఏంటా? నా కంకి సున్నా అంటాడా వాడు? పురుగు మందుకి తిరిగి, ఎరువుకి తిరిగి పెంచేను, చెత్తబుట్టలో వేస్తాడా? కళ్ళుండి చెప్పలేరు అంతమందీ." మర ఇంకో చుట్టు తిప్పాడు. "నేను చెప్తన్నాను ఇనుకో. నాది ఎక్కువ. నీది తక్కువ. నా చేలో నీళ్ళు ఎక్కువ, నీ చేలో తక్కువ. ఈ ముక్క అనడానికి కరెంటు కావాలా?"

"నెమ్మదిగా అను. తాతాజీ ఉన్నాడు."

"ఇంకా గట్టిగా అంటాను. ఎక్కువ. తక్కువ. ఒరే తాతాజీ, రాసుకో."

మంగాయమ్మ గట్టు మీద కూచుని కొంగుతో మొహం తుడుచుకుంది. షట్టరు కిందికి దిగింది. కాసేపు నీళ్ళు అక్కడే సుడులు తిరిగి, తర్వాత దారి తెలుసుకుని కిందికి మళ్ళాయి.

ములకదిబ్బ చేను సగానికి పైగా నిలబడింది. చివరి మళ్ళు అప్పటికే తెల్లబడ్డాయి, వాటికి నీళ్ళందినా ఒకటే అందకపోయినా ఒకటే. వాటిని పశువులకి కోశారు.

తాతాజీ భయస్తుడు. జరిగింది జరిగినట్టు పైకి చెప్పాడు. ఒకటి వచ్చిన తూముని దించడం ఒక నేరం, దానికి జరిమానా ఉంది, భద్రం కట్టేశాడు. రెండోది పెద్ద నేరం. యంత్రంతో నిమిత్తం లేకుండా నోటితో పోలిక చెప్పడం. అనధికారిక తారతమ్య ప్రకటన అని దానికి పేరు పెట్టారు. అది రుజువైతే భద్రాన్ని సంఘం పెద్దరికం నుంచి తీసెయ్యడమే కాదు, వచ్చే సార్వా పంట దాకా ఆయన తూముకి తాళం వేస్తారు. తాతాజీ ఉద్యోగి కాబట్టి అతని మాట ఒక్కటీ చాలదు. బయటి సాక్షి కావాలి. సూరన్నని పిలిపించారు.

విచారణ విశ్వపతి గారి గదిలో జరిగింది. రంగనాయకులు తలుపు దగ్గర నిలబడ్డాడు. కిటికీ అవతల సబ్ డివిజన్ కాలవ, దాని మీద కొత్తగా రంగులేసిన లాకు. విశ్వపతి గారు కాగితం తీసి, కలం విప్పి, ఆ సాయంత్రం సదరు కొప్పిశెట్టి భద్రం, తన అవసరము మీ అవసరముకంటె ఫలానా అని గాని, మీ అవసరము తన అవసరముకంటె ఫలానా అని గాని ప్రకటించెనా అని అడిగారు. ఆ మాటలు రెండూ ఆయన నోటితో అనలేరు కాబట్టి ఫలానా అన్నారు.

సూరన్న తలపాగా విప్పి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"నాకు వినపళ్ళేదండి."

"పక్కనే ఉన్నారు కదా?"

"ఉన్నానండి. షట్టరు దించేరు కదండి. నీళ్ళ చప్పుడు. ఆ చప్పుళ్ళో ఏం వినపడుద్దండి."

విశ్వపతి గారు అది రాసుకుంటూ, తల ఎత్తకుండానే, "చప్పుడు అంత ఎక్కువగా ఉందా?" అనేశారు.

కలం ఆగిపోయింది. రంగనాయకులు తలుపు దగ్గర కదిలాడు. డి.ఈ. గారు మెల్లిగా తలెత్తి ముందు అతన్ని చూశారు, తర్వాత సూరన్నని చూశారు.

సూరన్న తలపాగా చుట్టుకుని లేచాడు.

"ఇది కూడా నాకు వినపళ్ళేదండి," అన్నాడు.